అక్క మెడలో చెక్కముక్క

కైకలూరు,
జూలై 2006.

దేవకుమారి అక్కకి తమ్ముడు చిట్టిబాబు వందనాలు.

ఫోన్ చేస్తే నువ్వు "ఊ" అని పెట్టేస్తావు. అందుకని ఉత్తరం. కొల్లేటిలో చేపల చెరువుల గట్లు గవర్నమెంటువాళ్లు కొట్టేశాక నా వైండింగ్ షాపుకి మోటార్లు రావడం లేదక్కా. కాలిపోవాలన్నా ముందు మోటారు తిరగాలి కదా. రాగితీగ చుట్టలు చుట్టలుగా అలాగే ఉంది. ఊరికే కూర్చోలేక ఒక పాత చెక్కముక్కని అరగదీసి, కొబ్బరినూనె రాసి, కాయిల్ చుట్టినట్టే వరసకి వరస ఆనించి తీగ చుట్టాను. కొసలు రెండూ పైకి తీసి మెలేస్తే రింగు వచ్చింది. తాడు ఎక్కిస్తే లాకెట్టే. మొదటిది నీకు పంపుతున్నాను. బాప్తిస్మం నాడు చెవి దుద్దులు కూడా తీసేసినదానివి, బంగారం ముట్టవు. ఇది బంగారం కాదుగా, చెక్క.

ఇవి నలుగురికీ నచ్చితే ఇక్కడే ఉంటాను. లేదంటే హైదరాబాదులో వాచ్‌మన్ పని ఉందని మన నిత్యానందం రమ్మంటున్నాడు. పక్కబట్ట చుట్టి పెట్టాను.

నీ మాట కోసం చూస్తూ,
చిట్టిబాబు.

తా.క. నువ్వూ, నీ మేకా కులాసానా?

*

ఏలూరు.

చిట్టిబాబుకు, ప్రభువు నీ గడప కాయాలని అడుగుతూ అక్క రాయునది.

నేనూ మేకా బాగున్నాం. మోకాళ్లు ప్రార్థనకి వంగుతున్నాయి గానీ లేవడానికి మొరాయిస్తున్నాయి.

నువ్వు పంపింది అందింది. మెడకి నప్పింది. బరువు లేదు. తీగ గుచ్చుకోవడం లేదు. రాత్రిళ్లు కూడా తీయడం లేదు.

హైదరాబాదు వెళ్లకు. అమ్మా నాన్నా పోయాక నాకున్నది నువ్వొక్కడివే. ఇంతకన్నా రాయలేను.

అక్క.

తా.క. పక్కింటి రాజకుమారి చూసి ఒకటి కావాలంది.

*

కైకలూరు.

అక్కకి, సంతోషంతో తమ్ముడు రాసేది.

నీ ఉత్తరం చదివి పక్కబట్ట విప్పేశాను. ఆదివారం ఆరాధన అయ్యాక మన సంఘంలో ఆడవాళ్లకి చెప్పాను. అందరూ కావాలంటున్నారు. ఇద్దరు ముగ్గురికి మాత్రం తప్పేమోనని అనుమానం. "దేవకుమారమ్మగారింటికే వెళ్లిందంటే ఇంక తప్పేముందండీ" అని టీచర్ గ్రేసమ్మగారు అందరి నోళ్లూ మూయించారు. అయినా నువ్వొక మాట రాస్తే ధైర్యంగా ఉంటుంది. వానలో తడిస్తే ఏమవుతుందో కూడా రాయి. నీ దగ్గర ఒకటి ఉంది కదా.

నీ పేరు చెప్పుకుని బతుకుతున్న,
చిట్టిబాబు.

తా.క. గ్రేసమ్మగారికి గుండ్రంగా ఉండేది కావాలట. పొడుగుదైతే మెడ కురచగా కనిపిస్తుందట.

*

ఏలూరు.

చిట్టిబాబుకు, పొద్దుటి ప్రార్థనలో నీ పేరు చెప్పి, వెంటనే రాస్తున్నాను.

తప్పు లేదని చెప్పు. దిష్టికి మాత్రం కట్టకూడదు. అందానికే. దేవుడు చేసినదాన్ని ముస్తాబు చేసి చూసుకోవడం పాపం కాదు.

తడిస్తే తీగ కింద పచ్చబడుతోంది, తుడవాలి. ఈగలు వాలకుండా వేపనూనె రాస్తున్నాను. తాడే నిలవడం లేదు. నమిలి తెంపడమూ, నేను మళ్లీ కట్టడమూ. గట్టి తాడు వెయ్యి.

ఇది రాసేసరికే అలసట వచ్చింది.

అక్క.

తా.క. గ్రేసమ్మగారింట్లో మెడ కురచదైతే ఏం? పాలు ఇస్తోంది కదా.

*

కైకలూరు,
ఆగస్టు.

అక్కా, వందనాలు. కొంప మునిగింది.

నీ ఉత్తరం స్త్రీల కూడికలో చదివి వినిపించాను. "అందానికే" అన్న ముక్క రెండోసారి చదివించుకున్నారు. ఆ వచ్చే ఆదివారం అందరూ మెడల్లో వేసుకుని వచ్చారు. ఏలీయా పాస్టరుగారు వాక్యం మధ్యలో ఆగిపోయారు. "దేవకుమారమ్మకి బాప్తిస్మం ఇచ్చింది నేను. తీసిన దుద్దులు నా చేతిలోనే పెట్టింది. ఆవిడే ఇలా అయితే సంఘం ఎటు పోతుందండీ?" అన్నారు. శనివారం ఏలూరు వచ్చి కళ్లారా చూస్తారట.

ఆడవాళ్లు భయపడి లాకెట్లు బియ్యం డబ్బాల్లో దాచారు. నీ మెడలో ఉంటే బయటికి తీస్తారు. లేకపోతే నాకు తిరిగి ఇచ్చేస్తారు. నా షాపు ఇప్పుడు నీ మెడ మీద నిలబడి ఉందక్కా. శనివారం వేసుకునే కనబడు.

ఇంకో సంగతి. ఆ చెక్క నాన్న తాటిదోనెది. మన పాకలో పడి ఉండి దాని అడుగంతా చివికిపోయింది, అంచులే గట్టిగా ఉన్నాయి. కోశానంటే తిడతావని అప్పుడు రాయలేదు.

పక్కబట్ట మళ్లీ చుట్టి,
చిట్టిబాబు.

తా.క. పాల మాట గ్రేసమ్మగారికి చదవలేదు. నువ్వు కూడా ఈ వయసులో తాళ్లు నమలడం మానెయ్యక్కా.

*

ఏలూరు.

చిట్టిబాబుకు, అలసిపోయిన అక్క రాయునది.

ఏలీయాగారు శనివారం మధ్యాహ్నం బస్సు దిగి ఎండలో నడిచి వచ్చారు. నీ ఉత్తరం అప్పటికి రాలేదు. కూర్చోకుండానే నా మెడ చూశారు.

"ఎక్కడ దాచావమ్మా?"

"ఏమిటండీ?"

అప్పుడే పెరట్లోంచి మేక వచ్చింది.

ఆయన నవ్వలేదు. మంచినీళ్లు అడిగారు. తాగినంతసేపూ మేక మెడనే చూశారు. "మరి సంఘానికి ఏం చెప్పమంటావు?" అన్నారు. "చూసింది చెప్పండి" అన్నాను.

నేను నగ పెట్టుకోనని నీకు తెలుసనుకున్నాను. అందుకే ఎవరి మెడో రాయలేదు. నీ చేతిపని పారెయ్యబుద్ధికాక దానికి కట్టాను. రాజకుమారి అడిగింది వాళ్ల పెయ్యకి.

సోమవారం నీ ఉత్తరం అందింది. చదివి, పెరట్లోకి వెళ్లి, దాని మెడలోది విప్పాను. కడిగి వెలుగులో పెట్టి చూశాను. ఆ నల్లచారలు నాకు గుర్తే. ఒక అంచు నువ్వు అరగదీయకుండా వదిలేశావు. నాన్న దోనె తోసే గెడ రాసుకుని రాసుకుని నున్నబడిన చోటది. బడికి దాటించేటప్పుడు నేను అక్కడే పట్టుకుని కూర్చునేదాన్ని.

దుద్దులు తీసిన రోజు నాకేమీ అనిపించలేదు. ఇది ఒకసారి వేసుకుని చూశాను, తీయబుద్ధి కావడం లేదు. ప్రార్థించాను. ఉంచుకోమని జవాబు రాలేదు. తీసెయ్యమనీ రాలేదు.

ఏలీయాగారికి కార్డు రాశాను. "శనివారం నా మెడలో లేదు. ఈరోజు ఉంది. అందానికి కాదు, మా నాన్న కోసం. ఇదంతా సంఘంలో చదవండి" అని.

మిగతావాళ్ల మెడలు వాళ్లవి. నీ షాపు నా మెడ మీద నిలబడిందన్నావు. నిలబడనీ. పక్కబట్ట విప్పు. దోనె మొత్తం కోసెయ్యకు, ముక్కు ఉంచు.

అక్క.

తా.క. మేక అలిగి నా వెనకే తిరుగుతోంది. దానికి తుమ్మచెక్కది ఒకటి చేసి పంపు. అది నాన్నని చూడలేదు కదా, సర్దుకుంటుంది.