నోరు తెరిచిన నల్లంచి

చిరంజీవి శ్రీరమ్యకు అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ నేనూ, మీ మామయ్య వీరబాబూ, నా మోకాలూ క్షేమంగానే ఉన్నాం. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని అనుకోకు. ఫోన్లో అయితే సగంలోనే నవ్వేస్తావు. ఇది చివరిదాకా వినవలసిన సంగతి.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. నువ్విచ్చిన కెమెరా అద్దాన్ని కొంగుతో తుడవడం మానేశాను. దాన్ని మిరప కల్లంలోకి కూడా తీసుకెళ్లడం లేదు. ఒకసారి ఆ ఘాటుకు తుమ్మి, ఎగురుతున్న తేనెపిట్టకు బదులు మీ మామయ్య చెప్పుల ఫొటో తీశాను. అది మాత్రం స్పష్టంగా వచ్చింది. ఎగిరే పిట్ట ఇప్పటికి ఒక్కటీ చిక్కలేదు. ముప్పయ్యేళ్లు బడిలో పిల్లల్ని కదలకుండా కూర్చోబెట్టిన దాన్ని. పిట్టలకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

ఇక మూడో ప్రశ్న. పొగాకు ఆరబెట్టే మన పాత బ్యారన్ గోడ మీద నల్లంచి పిట్ట నోరు తెరిచి పాడుతున్న ఫొటోను మీ కాలేజీ ప్రదర్శనలో నా పేరుతో మొదట పెడుతున్నానని రాశావు. "అంత దగ్గరికి ఎలా వచ్చింది అమ్మమ్మా?" అని అడిగావు.

ఆ పిట్ట రెండు వారాలు నన్ను తన వెంట తిప్పించుకుంది. సెంటర్లో ఫోన్లు బాగుచేసే షఫీక్‌తో చెప్పాను. "దాని కూతే దానికి వినిపించండి టీచరుగారూ, ఎక్కడున్నా వచ్చి వాలుద్ది" అని, నల్లంచి పాట ఒకటి నా ఫోన్లో ఎక్కించి ఇచ్చాడు. మర్నాడు పొద్దున్నే గోడ పక్కన పెట్టి మోగించాను. వచ్చింది. తోక నిక్కించి, నా ఎదురుగానే గొంతు చించుకుంది. నేను మురిసిపోయాను.

రెండో రోజు మీ మామయ్య పత్తికట్టె మోపు దించుతూ చూశాడు.

"దాంతో ఏం తగువే అమ్మా నీకు?"

"తగువేంట్రా, పాడుతుంటే."

"పాడతందా? ఇంకో మగపిట్ట తన ఇంట్లో దూరిందని తిడతంది. ఆ గోడ బొక్కలో గుడ్లున్నయ్యి. ఆడది నీ ఫోనుకి జడిసి అదుగో, ఆ తీగ మీదే కూర్చుంది. ఇంతమందికి పాఠాలు చెప్పావు, ఇది తెలవదా?"

తెలియదు. అప్పుడు తెలిసింది.

మూడో రోజు కూడా మోగించాను. అప్పటిదాకా తీసిన ఫొటోల్లో నోరు సగమే తెరుచుకుని ఉంది. నీకు పంపింది మూడో రోజుది.

నాలుగో రోజు నుంచి ఆడపిట్ట గూటికి రాలేదు. వారం చూశాను. మూడు గుడ్లూ చల్లబడి ఉన్నాయి. పైన రాసిన క్షేమంలో వాటిని కలపలేదు. తెలియక చేశానని రాయబోయి రెండు కాగితాలు చించాను. ఆ మాట మొదటి రెండు రోజులకే చెల్లుతుంది.

కాబట్టి ఆ ఫొటో పెట్టకు. చూసినవాళ్లు ఎలా తీశారని అడుగుతారు, ఆనక ఫోన్లు పట్టుకుని గోడల వెంట బయల్దేరతారు.

దీనితో ఇంకో ఫొటో పంపుతున్నాను. అదే గోడ, అదే పిట్ట, నిన్నటిది. దూరం నుంచి తీశాను, కొంచెం మసకగా ఉంది. నోరు మూసుకుని కూర్చుంది. నా పేరు పెట్టక తప్పదనుకుంటే, దీని కింద పెట్టు.

ఇట్లు,
నీ అమ్మమ్మ
శివపార్వతి