తొమ్మిదో గడిలో ఔను అని రాసినందుకు

ఆరోగ్య శాఖ ప్రధాన అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: సుఖవ్యాధుల విభాగంలో ఫారం నింపుటలో నా వలన జరిగిన పొరపాటు, తత్ఫలితంగా నా తమ్ముడికి మందు అందకపోవుట గురించి.

1. మా ఇంట్లో మొదట చదువుకున్న మనిషిని నేను. నీటి కనెక్షన్ కాగితం నుంచి నాయనమ్మ మరణ ధ్రువీకరణ దాకా మా వాళ్ల ఫారాలన్నీ నేనే నింపుతాను. ఇంతవరకు ఒక్కటీ తిరిగి రాలేదు. ఇది గొప్పకు రాయడం లేదు. జరిగినదానికి బాధ్యత ఎవరిదో తమకు తెలియాలని రాస్తున్నాను.

2. నా తమ్ముడి వయస్సు ఇరవై మూడు. ఒక హోటలు లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తాడు. వాడు మగవాళ్లను ఇష్టపడే మనిషి. ఈ సంగతి ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. వాడూ, వాడివంటి మరో ఐదుగురూ సెలవు రోజుల్లో ఒకరి గదిలో కలుస్తారు. ఏడాదిగా అక్కడికి నిద్రనూ ఆకలినీ భయాన్నీ పోగొట్టే ఒక పొడి వస్తోంది. వాళ్లకు కావలసింది భయం పోవడమేనని నాకిప్పుడు అర్థమవుతోంది. దాంతోపాటు జాగ్రత్త కూడా పోతుంది.

3. గత ఆదివారం మధ్యాహ్నం అదే జరిగింది. సోమవారం వాడు నేను పనిచేసే ఆఫీసు మెట్ల మీద కూర్చుని, "ఎవరెవరున్నారో కూడా సరిగ్గా గుర్తులేదక్కా. కండోమ్ వాడలేదని మాత్రం గుర్తుంది" అన్నాడు. హెచ్ఐవి సోకకుండా ఆపే మాత్రలు మూడు రోజుల లోపు మొదలుపెట్టాలని తమ శాఖ వారి గోడపత్రికలో చదివి, మంగళవారం పొద్దున్నే వాడిని తమ విభాగానికి తీసుకువచ్చాను.

4. ఫారంలో తొమ్మిదో గడి: 'మత్తు పదార్థములు వాడుచున్నారా?' తమ్ముడు నా మోచేయి పట్టుకుని, లేదని రాసెయ్యమన్నాడు. ప్రభుత్వ కాగితంలో అబద్ధం రాయకూడదన్నాను. డాక్టరుకు అన్నీ తెలిస్తేనే కదా వైద్యం సరిగ్గా చేసేది అని వాడికి పాఠం కూడా చెప్పాను. ఔను అని, ఎప్పటినుంచో కూడా, గుండ్రని అక్షరాలతో రాశాను.

కౌంటరులోని గుమాస్తా అది చదివి కళ్లద్దాలు తీశాడు. "పదకొండేళ్లుగా ఈ కుర్చీలో ఉన్నాను తల్లీ. ఈ గడిలో ఔను అని రాసింది మీరొక్కరే." వెక్కిరింపు కాదు, నిజంగానే జాలిపడ్డాడు. ఔను అన్నవారు మత్తు విడిపించే కేంద్రం నుంచి ధ్రువపత్రం తెస్తే తప్ప మాత్రలు ఇవ్వరాదనే నిబంధన చూపించాడు. వేరే ఫారం ఇమ్మని బతిమాలాను. నంబరు కంప్యూటరులోకి ఎక్కేసిందన్నాడు. తమ విభాగం చీటీ లేనిదే ఆ మాత్రలు బయట దుకాణంలో అమ్మరు.

5. సదరు కేంద్రంలో, పెళ్లికాని వాడు కాబట్టి తండ్రి అంగీకార పత్రం కావాలన్నారు. మా నాన్న ఇళ్లకు సున్నం వేస్తారు. చదువు రాదు. నేను పైకి చదవనిదే ఏ కాగితం మీదా వేలిముద్ర వేయరు. బుధవారం పొద్దున ఆ పత్రం చేత పట్టుకుని అందులో లేని మాటలు చదివాను. తమ్ముడి ఉద్యోగం పర్మనెంటు అవుతోందని చదివాను. సున్నానికి వేలి గీతలు అరిగిపోయి రెండుసార్లు ముద్ర సరిగ్గా పడలేదు. మూడోసారి గట్టిగా నొక్కి, "నువ్వు చదివావు కదమ్మా, ఇంక చూసేదేముంది" అన్నారు. తమ్ముడి వీపు తట్టి పనికి వెళ్లారు.

6. కేంద్రంలో ఆ పత్రం తీసుకున్నాక, ధ్రువపత్రానికి పద్నాలుగు రోజుల పరిశీలన తప్పనిసరి అని చెప్పారు. మేము బయటికి వచ్చేసరికి మూడో రోజు మధ్యాహ్నం దాటింది.

7. సోకిందో లేదో ఆరు వారాలకు గానీ పరీక్షలో తేలదట. ఆ మాటే తమ్ముడితో అంటే, "పోయిందేదో పోయిందక్కా. ఇంక దేన్ని కాపాడుకోవాలి?" అన్నాడు. అయ్యా, ఈ ప్రశ్నకు జవాబు తమ దగ్గర ఉంటే రాతపూర్వకంగా తెలుపగోరుతున్నాను. మా ఇంటికే పంపవచ్చును. ఏ ఉత్తరం వచ్చినా నాన్న నాచేతే చదివిస్తారు.

8. మిగిలిన ఐదుగురికీ ఈ సంగతి తెలిసింది. ఇక వాళ్లెవరూ తమ విభాగం గుమ్మం తొక్కరు.

కావున మాత్రలు ముందు ఇచ్చి ప్రశ్నలు తరువాత అడుగునట్లు ఉత్తర్వులు ఇప్పించాలనీ, నా తమ్ముడిని పరీక్షకైనా ధ్రువపత్రం లేకుండా రానివ్వాలనీ, వాడితో తిట్టకుండా మాట్లాడే మనిషినొకరిని చూపించాలనీ ప్రార్థన. ఇంతకుమించి ఏం అడగాలో నాకు తెలియడం లేదు. అదికూడా తామే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పై వ్యక్తి అక్క

తా.క. బాధితుడి సంతకం లేని అర్జీ చెల్లదని తమ ఆఫీసు బోర్డు మీద ఉంది. వాడు ఆదివారం నుంచి కంటినిండా నిద్రపోలేదు. ఇందాక రాత్రి పది గంటలకు మళ్లీ ఆ గదికే బయల్దేరుతూ, చెప్పులు వేసుకుందామని మంచం మీద కూర్చుని అలాగే ఒరిగిపోయాడు. ఒక కాలికి చెప్పు ఉంది. సంతకానికి లేపితే లేస్తాడు. లేస్తే వెళ్లిపోతాడు. అందుకని లేపలేదు.