మోచేతి ఎత్తు

ఏమోయ్,

ఇంట్లో అందరూ క్షేమమని రాయడం ఆనవాయితీ. అందరూ అంటే ఇక్కడ నేనొక్కడినే కాబట్టి, నేను క్షేమం. అక్కడ నువ్వూ, మీ అక్కగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. వదినగారు చేతికర్ర లేకుండా వీధి చివరిదాకా నడిచి వస్తున్నారని రాశావు. చాలా సంతోషం. తుంటి ఎముక విరిగిన మనిషిని పది రోజులు చూసుకుని వస్తానని వెళ్ళినదానివి, పదకొండు నెలలు దగ్గరుండి నడిపించావు. అంత ఓర్పు నాకు లేదు.

నీ ఉత్తరం మంగళవారం అందింది. కొట్టులో బేరాలు ఉండగా విప్పకూడదని సాయంత్రం దాకా గల్లాపెట్టెలో దాచాను. దాచినమాటే కానీ మధ్యలో రెండుసార్లు విప్పాను. ఫోన్లో అయితే మూడో మాటకే ఇద్దరం గొంతు పెంచుతామని, ఉత్తరాలే రాసుకుందామని నువ్వు పెట్టిన షరతు మంచిదే అయింది. కాగితం మీద నువ్వు చెప్పేది అడ్డు తగలకుండా చివరిదాకా వినక తప్పదు.

నువ్వు అడిగినవాటికి జవాబులు రాస్తున్నాను. వేళకు తింటున్నాను. మొదటి మూడు నెలలూ హోటల్ నుంచి క్యారేజీ తెప్పించుకున్నాను. కడుపు మొరాయించింది. అప్పటినుంచి నేనే వండుకుంటున్నాను. నవ్వకు. అన్నం పలుకు లేకుండా ఉడుకుతోంది, కూర మాడకుండా దిగుతోంది. కుండీల్లో మొక్కలకు నీళ్ళు పోస్తున్నాను. రెండు పోయాయి, ఏవో అడగకు. పక్కింటావిడ మొదట్లో నువ్వెప్పుడొస్తావని రోజూ అడిగేది. విసుగ్గా ఉండేది. ఈమధ్య అడగడం మానేసింది, అదింకా కష్టంగా ఉంది. నన్ను అడగడం మానేసి ఇక్కడి కబుర్లన్నీ నీకే చేరవేస్తోందని నీ ఉత్తరం చూశాక తెలిసింది.

కొత్త పొయ్యి సంగతి కూడా ఆవిడే చెవిన వేసి ఉంటుంది. "పొయ్యి మార్చినంత మాత్రాన నేను వచ్చేస్తానని అనుకోకండి" అని రాశావు. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. అందులో వస్తానని లేదు, రానని కూడా లేదు. దానికి జవాబు రాయాలంటే మొదటినుంచీ చెప్పుకురావాలి.

వంట మొదలుపెట్టిన నెలకి నాకు నడుం పట్టేసింది. వయసు మీద పడిందనుకున్నాను. ఒకరోజు కూర కలుపుతూ కలుపుతూ, ఒక చెయ్యి గట్టుకి ఆనించి నిలబడ్డాను. అప్పుడు గుర్తొచ్చింది, నువ్వూ అలాగే నిలబడేదానివి. మన వంటగట్టు మరీ కింద ఉంది. పైగా ఆ పొయ్యి మీద పెద్ద గిన్నె పెడితే రెండోదానికి చోటుండదు. ఎడమవైపు మంట సన్నం చేస్తే ఆరిపోతుంది. నడుం నొప్పని నువ్వు అన్నప్పుడల్లా నూనె రాసుకోమని చెప్పేవాణ్ణి. నా కొట్టులో బట్ట కత్తిరించే బల్ల దగ్గర నాకు నడుం నొప్పి వస్తే, ఆ వారమే వడ్రంగిని పిలిపించి బల్ల నాలుగంగుళాలు లేపించుకున్నాను. ఆ బల్లకీ ఈ గట్టుకీ మధ్య ఇన్నేళ్ళు రోజూ తిరిగిన మనిషిని, ఒక్కసారైనా నాకు తట్టలేదు. సిగ్గేసింది.

పెద్ద వీధిలో బ్యాంకు పక్కన ఖరీదైన పొయ్యిలు అమ్మే దుకాణం ఉంది కదా, నువ్వు అద్దంలోంచి చూసి వచ్చేసేదానివి, అక్కడికి వెళ్ళాను. లోపల నగల కొట్టులో ఉన్నన్ని దీపాలు. ఒక్కో పొయ్యికి అయిదేసి మంటలు, పైన ఇనుప చట్రాలు, కింద రొట్టెలు కాల్చుకునే ఓవెన్. ఎవరి గిన్నెలు వాళ్ళు తెచ్చుకుని అక్కడే వెలిగించి చూసుకోవచ్చు. నీ అన్నం గిన్నే, పాలగిన్నే సంచిలో వేసుకుని నాలుగు ఆదివారాలు తిరిగాను. ఒక పొయ్యి మీద పాలు పొంగకుండా, విరగకుండా గంటసేపు కాగాయి. అంత సన్నటి మంట నేనెక్కడా చూడలేదు.

అక్కడ అమ్మే ఆవిడకి పంతులమ్మ అని పేరు పెట్టాను. బెత్తం ఒక్కటే తక్కువ. ధర అడిగితే చెప్పదు, మనల్నే ప్రశ్నలడిగి కాగితం మీద రాసుకుంటుంది. ఉడికించడం ఎక్కువా, వేయించడం ఎక్కువా? గరిటె తిప్పేది ఏ చేత్తో? వండేవాళ్ళ మోచెయ్యి నేలనుంచి ఎంత ఎత్తులో ఉంటుంది? గిన్నె మోచేతికి బెత్తెడు కింద ఉంటే నడుం వంగదట, భుజం లేవదట.

ఊళ్ళో సగం మంది కొలతలు నాకు నోటికొచ్చు. నీ భుజం, నీ చేతి పొడవు నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ దర్జీవాడి టేపు భుజం నుంచి కిందికి దిగుతుంది, నేల నుంచి పైకి ఎక్కదు. నీ మోచెయ్యి ఎంత ఎత్తులో ఉంటుందో నాకు తెలియలేదు. మా ఆవిడ నా భుజం దాకా వస్తుందని చెప్పాను. చెప్పులేసుకునా, లేకుండానా అని అడిగింది. కొలిచి చెప్తానని వచ్చేశాను.

ఇంటికొచ్చి వెతికాను. వంటింటి గుమ్మం చట్రం మీద ఒకచోట నూనె మరక ఉంది. నువ్వు తల ఆనించుకునే చోటు. ఆ మరక అంత నల్లబడాలంటే ఎన్నేళ్ళు ఆనించి ఉంటావో! నేను ఒక్కసారీ చూడలేదు. టేపు తెచ్చి నేల నుంచి మరక దాకా కొలిచాను. కొలిచి అక్కడే గుమ్మంలో కూర్చున్నాను. ఇంట్లో చప్పుడు లేదు. నువ్వుండగా ఈ ఇంట్లో చప్పుడు ఉందని కూడా నాకు తెలియదు.

ఇప్పుడు ఇన్నాళ్ళూ రాయని సంగతి ఒకటి రాయాలి. రెండు ఉత్తరాల్లో మొదలుపెట్టి చింపేశాను.

వదినగారు పడ్డారన్న కబురు రావడానికి పన్నెండు రోజుల ముందు, నేను అన్నం తింటుంటే నువ్వు పేపర్లోంచి కత్తిరించిన ఒక పొయ్యి బొమ్మ తెచ్చి చూపించావు. నేను తలెత్తకుండా, "ఉన్నది ఇద్దరం. ఇంత పొయ్యి పెట్టి ఎవరికి వండిపెడతావు?" అన్నాను. నువ్వు ఆ కాగితం మడిచి, నాకు మారు అన్నం వడ్డించావు. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు, ఇన్ని ఉత్తరాల్లోనూ ఎత్తలేదు. నేను మరిచిపోయానని అనుకుంటూ ఉంటావు. మరిచిపోలేదు. మనకు పిల్లలు లేని బాధ నీకు ఎక్కడ ఉంటుందో నాకు తెలుసు. ఆ మాట సరిగ్గా అక్కడే తగిలిందని అన్న మరుక్షణమే తెలిసింది. తెలిసి కూడా ఇంకో ముద్ద కలుపుకున్నాను. నువ్వు వెళ్ళింది వదినగారి తుంటి ఎముక కోసమేనని వీధిలో అందరికీ చెప్పాను. నాకు నేను కూడా చెప్పుకున్నాను. క్షమించమని అడగడానికి కూడా నోరు రావడం లేదు. అయినా అడుగుతున్నాను.

పొయ్యి వచ్చేసింది. పోయిన గురువారం నలుగురు మనుషులు మోసుకొచ్చారు. పాత గట్టు పగలగొట్టించి, రాతి దిమ్మె కట్టించి దానిమీద కూర్చోబెట్టించాను. నీ ఎత్తుకి కాదు. దిమ్మె కట్టించే ముందు దుకాణంలో పంతులమ్మ టేపు పట్టుకుని నిలబడితే, నేను చెప్పులు విప్పి నా మోచెయ్యి చూపించాను.

"మీ ఆవిడకి ఎత్తయిపోతుందండీ," అంది.

"అవుతుందమ్మా. వండేది నేను," అన్నాను.

గుమ్మం మీది మరకను బట్టి నీ మోచేతికని లెక్కగట్టిన పాత అంకె ఆవిడ కొట్టేసి కొత్తది వేసుకుంది. కాబట్టి నీ వాక్యానికి నా జవాబు ఇది. ఆ పొయ్యి నిన్ను రప్పించడానికి కొన్నది కాదు. దాని ముందు నిలబడి వండాలంటే నీకు పీట కావాలి. నువ్వు వచ్చినా ఆ గరిటె నీ చేతికి ఇవ్వను.

ఇంకొక్కటి ఉంది. ఖాయం చేసుకునే ముందు చివరి ఆదివారం పంతులమ్మ, ఇంట్లో ఆవిడకి బాగా ఇష్టమైనది ఏదైనా ఈ మంట మీద వండి చూసుకోండి అంది. నేను ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడ్డాను. నాకు ఏది ఇష్టమో, అందులో ఉప్పు ఎంత ఉండాలో నీకు తెలుసు. నీ సంగతి నాకు తెలియదు. అడుగంటిన అన్నం నాకిష్టమనేదానివి, నిజమేననుకున్నాను. చల్లారిన కూరే బాగుంటుందనేదానివి, అదీ నమ్మాను. నేను చెయ్యి కడుక్కుని కొట్టుకి వెళ్ళాక నువ్వు తినేదానివి. ఇరవయ్యేడేళ్ళలో నువ్వు వేడివేడిగా ఒక్క ముద్ద తినడం నేను చూడలేదు. ఏదో ఒకటి వండాలి కదా అని గుడ్డు ఉడకబెట్టి వచ్చేశాను.

తిరుగు టపాలో వేరే ఏమీ రాయకపోయినా ఫర్వాలేదు. వచ్చేదీ రానిదీ కూడా రాయకు. నీకు ఏం తినాలని ఉంటుందో అది ఒక్కటీ రాయి. నేర్చుకుంటాను. వస్తే పొయ్యి మీది నుంచి దించీ దించకుండానే నీకు వడ్డించి, నువ్వు తింటుంటే చూస్తాను. రాకపోతే అదే వండుకుని తిని, ఇన్నేళ్ళూ నీ నోటికి ఏది రుచో ఇప్పుడైనా తెలుసుకుంటాను.

ఇట్లు,
నీ చేతి అన్నం తిని, నువ్వు తిన్నావా అని అడగని
నీ మొగుడు