చివర నిలబడ్డవాడి ఫొటో

సుందర్రావూ... నేను, సత్తిబాబుని. నువ్వు వెళ్ళిపోయి వచ్చే ఆదివారానికి ఏడాది. ఇన్నాళ్ళూ నీకు ఒక్క ముక్క రాయలేదు. పేపరుకి వార్తలు రాసి బతికేవాణ్ణి, నీకు రాద్దామంటే మాత్రం చెయ్యి ఆడలేదు. ఏడుపూ రాలేదురా. ఇప్పటికీ రాలేదు.

ఊరు అలాగే ఉంది. నువ్వు కట్టించిన మంచినీళ్ళ ట్యాంకు బాగానే పనిచేస్తోంది. నువ్వు సర్పంచ్‌గా గెలిచినా ఊళ్ళో ప్రెసిడెంటు గారంటే నీకు ముందు చేసిన పాతాయనే కదా... ఇప్పటికీ ఆయనే.

మొన్న అమెరికా అధ్యక్షుడిగా నల్లజాతి అభ్యర్థి గెలిచాడు. మన పేపరు మొదటి పేజీ అంతా ఆయనే. ఎక్కడ చూసినా 'నల్లజాతి' అనే రాశారు. ఓడిపోయినాయన రంగు మాత్రం ఒక్కచోటా రాయలేదు. చదువుతుంటే నువ్వన్న మాట గుర్తొచ్చింది. "మా కులం అచ్చులో పడుతుంది గానీ నా పేరు పడదేంట్రా సత్తీ?" అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను.

నువ్వు పోటీ చేసిన రెండుసార్లూ నేను రాసిందేంటి? 'ప్రెసిడెంటు గారు నిలబెట్టిన దళిత అభ్యర్థి' అని. అది రిజర్వుడు సీటు, నీ మీద నిలబడ్డవాడూ మీ పేటవాడే. మరి చదివినవాళ్ళకి నువ్వెవరివో ఎలా తెలుస్తుంది?

అమెరికా గెలుపు మీద మన ఊరి దళితపేట ఏమనుకుంటోందో రాసి పంపమని రాజమండ్రి డెస్కు నుంచి ఫోనొచ్చింది. మీ ఇంటికే వెళ్ళాను. మీ ఆవిడ మరియమ్మ కాఫీ ఇచ్చింది. అమెరికా సంగతి ఏమీ మాట్లాడలేదు. ఆదివారం నీ జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారట. పేపర్లో పడ్డ నీ ఫొటో ఒకటిస్తే పెద్దది చేయించి గోడకి పెట్టుకుంటామంది. నేను అన్ని తీశాను కదా, ఒకటైనా ఉంటుందని ఆవిడ నమ్మకం.

ఇంటికొచ్చి ట్రంకు పెట్టె తీశాను. ట్యాంకు ప్రారంభం, రోడ్డు శంకుస్థాపన, నీ నామినేషన్... కటింగులన్నీ ఉన్నాయి. నువ్వే లేవు. ఒకదాంట్లో నీ చొక్కా చెయ్యి ఉంది, మిగతావాటిల్లో అదీ లేదు. కింద వరసగా పెద్దల పేర్లు, ఆఖర్న 'తదితరులు'. నీ నామినేషన్ ఫొటోలో కూడా నువ్వు తదితరుల్లోనే ఉన్నావురా.

డెస్కు వాళ్ళు కోసేశారని చెప్పుకోవచ్చు. కానీ ఎక్కడ కోయాలో ఫొటో మీద పెన్సిలు గీత గీసి, కవర్లో పెట్టి, బస్సు కండక్టరు చేతికిచ్చింది నేనే. పెద్దలు మధ్యలో లేకపోతే వార్తే పడదని నా భయం. నీకూ తెలుసు. "పర్లేదురా, నేను చివర నిలబడతాలే, కోసుకోడానికి నీకు ఈజీగా ఉంటుంది" అనేవాడివి. అంటూనే జరిగేవాడివి. నిజంగా పర్లేదా? ఒక్కసారైనా అడిగానా నిన్ను...

నువ్వు పోయిన రోజు ప్రెసిడెంటు గారు నీకు దండ వేస్తుంటే ఫొటో తీశాను. ఆ రోజు నువ్వు జరగలేవు కదా. నేనే కెమెరా జరిపాను. కావాలని కాదు, అలవాటు. పేపర్లో ఆయనా దండా పడ్డారు. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంటుంది, అంతకుమించి ఏమీ అనిపించదు. మొద్దుబారిపోయానేమో.

నిన్న స్టూడియోకి వెళ్ళి పాత నెగెటివులన్నీ వెతికించాను. ట్యాంకు ప్రారంభం నాటిది దొరికింది. తెల్లచొక్కా, జేబులో పెన్ను, తడిసిన చేతులు. చివరే ఉన్నావు గానీ మొత్తం ఉన్నావు. ఎక్కడ కోయాలని స్టూడియో అతను అడిగాడు. పెన్సిలు తీసుకుని గీశాను. ఈసారి నువ్వున్న వైపు ఉంచమన్నాను. నీ భుజం పక్కన ప్రెసిడెంటు గారి మోచెయ్యి మిగిలిపోయింది. తీసేయమంటారా అన్నాడు. ఉండనీ అన్నాను.

అమెరికా మీద ఏమీ పంపలేదు. నీ కూడిక గురించి నాలుగు వాక్యాలు రాసి, ఈ ఫొటో జతచేసి పంపాను. కింద నీ పేరొక్కటే రాశాను. పడుతుందో లేదో తెలీదు.

ఆదివారం ఫ్రేము తీసుకుని వస్తాను. ప్రార్థన అయ్యాక అందరూ నీ ఫొటో పక్కన నిలబడి ఫొటో దిగుతారు, నన్నూ పిలుస్తారు. కెమెరా ఇంకెవరికైనా ఇచ్చి, నేను చివర నిలబడతాను.

నీ సత్తి