కుడిపక్క కమ్మీ దగ్గర

తాంపెరె,
సెప్టెంబరు 22, ఆదివారం.

ప్రియమైన కైసుకి,

మెర్యా రాస్తున్నాను. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి కొట్టేశాను. నీ కుశలం నాకు తెలియదు, నాది రాసుకునేలా లేదు. మీ అమ్మగారికి కంటి ఆపరేషన్ అయిందని ఎవరో అన్నారు. చూపు నిలబడిందనుకుంటాను. నేనడిగానని చెప్పు. వద్దనిపిస్తే చెప్పకు.

ఇక్కడ చలి ముందే దిగింది. మా బిల్డింగులో రేడియేటర్లు ఇంకా వేడెక్కలేదు. సరస్సు వెనకాల అడవిలో ఎర్ర బెర్రీలు ఈసారి విరగకాశాయి. ఒక్కదాన్నే వెళ్ళి, అరబకెట్టు ఏరేసరికి విసుగొచ్చి తిరిగొచ్చేశాను. పక్కన వాగడానికి నువ్వు లేకపోతే బెర్రీలు ఏరడం ఒట్టి నడుంనొప్పి. జామ్ చేశాను, అడుగంటింది.

ఇల్మో పోయిన కబురు నీకెలా తెలిసిందో నాకు తెలియదు. నాకు క్లినిక్‌లో తెలిసింది. కుర్చీలో ఒక లారీ డ్రైవరు, డాక్టరుగారు అతని దవడ పన్ను తవ్వుతున్నారు, నేను ఉమ్ము పీల్చే గొట్టం పట్టుకుని నిలబడ్డాను. రేడియోలో ఇల్మో పాట వచ్చింది. అది అయిపోగానే ఇంకొకటి. మధ్యలో ఎవరూ మాట్లాడలేదు. మూడోది మొదలయ్యేసరికి నాకు అర్థమైంది. ఒకే గాయకుడి పాటలు రేడియోవాళ్ళు వరసగా ఎప్పుడు వేస్తారు చెప్పు. డ్రైవరుకీ అర్థమైనట్టుంది, నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. డాక్టరుగారు కంగారుపడి, నొప్పిగా ఉందా, ఇంకో సూది ఇవ్వనా అని అడిగారు. అతను తల అడ్డంగా ఊపి రేడియో వైపు వేలు చూపించాడు. ఆయన నావైపు తిరిగి, "ఏంటి మెర్యా, ఏమైంది?" అన్నారు. "ఇల్మో వాస్కెలా పోయినట్టున్నాడండీ" అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. దానికి నాకే భయమేసింది.

సాయంత్రం వార్తల్లో చెప్పారు. తలలో గడ్డట. వసంతంలోనే తెలుసట. ముందు మాటలు పోతాయని, తర్వాత నడక పోతుందని డాక్టర్లు చెప్పారట. ఎవరికీ చెప్పొద్దని, ఈ ఒక్క వేసవీ పాడనివ్వమని కూతుర్ని బతిమాలుకున్నాడట.

కైసూ, ఆ వార్త విన్నప్పుడు నువ్వెక్కడున్నా నా మొహమే గుర్తొచ్చి ఉంటుంది నీకు.

మనకు పదిహేనేళ్ళప్పుడు యువజన సంఘం హాలు వెనక ఇల్మో కోసం వానలో నిలబడ్డాం చూడు, అప్పట్నుంచీ మొదలుపెట్టి తలుచుకుంటున్నాను. అతనికీ ఇరవై దాటలేదు. బయటికొచ్చి, "ఈ ఊళ్ళో ఈ వేళప్పుడు కాఫీ ఎక్కడ దొరుకుతుంది పిల్లలూ?" అని అడిగితే నువ్వు వెనకాముందూ చూడకుండా "మా ఇంట్లో" అన్నావు. బ్యాండు నలుగురూ నిజంగానే మన వెనకాల వచ్చేశారు. మీ అమ్మగారు గుమ్మంలో నిలబెట్టి, బూట్లు విప్పితే గానీ లోపల అడుగుపెట్టడానికి లేదన్నారు. ఇల్మో మేజోడులోంచి బొటనవేలు బయటికి చూస్తోంది. "ఊరంతా నీ పాటలకి గంతులేస్తోంది గానీ, నీ మేజోడు కుట్టేవాళ్ళే లేరా అబ్బాయ్?" అని ఆవిడ అంటే, అతను చెవుల దాకా ఎర్రబడి ఆ కాలిని రెండో కాలి వెనక దాచుకున్నాడు. దాల్చినచెక్క బన్నులు మాత్రం ఒక్కటీ మిగల్చలేదు.

ఆ తర్వాత మనకు పెళ్ళిళ్ళయ్యాయి, నాది చెడింది, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. ఏ ఊళ్ళో అతని కచేరీ ఉన్నా మనం మాత్రం స్టేజీకి కుడిపక్క కమ్మీ పట్టుకుని ఉండేవాళ్ళం. అతను తాగి పడిపోయిన రోజుల్లోనూ ఉన్నాం, మానేసిన తర్వాతా ఉన్నాం. మానేశాడని మనమే మానేసినంత గర్వంగా చెప్పుకున్నాం.

మూడేళ్ళ కిందట తుర్కులో రెండో చరణం దగ్గర ఆగిపోయాడు. గిటారులో తిరిగి తిరిగి అదే ముక్క మోగుతోంది. నువ్వు పాడలేదు, ఊరికే పెదవులు కదిపావు. అతను నిన్ను చూసి అందుకున్నాడు. తర్వాత కచేరీలో మళ్ళీ మనవైపు చూశాడు. ఈసారి నేను కదిపాను. అప్పట్నుంచీ అది అలవాటైపోయింది. గడ్డం కొంచెం పైకెత్తేవాడు, మనం అందించేవాళ్ళం. జనం అది అతని స్టైలనుకున్నారు. వయసైపోతోంది, మతిమరుపు అని మనం నవ్వుకున్నాం. ఆ మతిమరుపుకి వేరే పేరుందేమోనని ఒక్కసారైనా తోచలేదు. నేను ఆసుపత్రి వాసనలోనే ముప్ఫై ఏళ్ళు బతికినదాన్ని.

ఈ వేసవి కుయోపియో కచేరీ సంగతి నీకు చెప్పక్కర్లేదు. అయినా రాస్తాను. నేను ఏం చేశానో తెలిసినదానివి నువ్వొక్కదానివే.

వాన. గంటకు పైగా ఆలస్యం. మనిద్దరం గేటు దగ్గర కొనుక్కున్న పసుపుపచ్చ వానకోట్లలో ముడుచుకుని ఉన్నాం. నేను సెలవులన్నీ అయిపోగొట్టుకుని వచ్చానని పొద్దున్నుంచీ సణుగుతూనే ఉన్నాను. అతను వచ్చాడు. మైకు కర్ర పట్టుకున్న తీరు, కాలు ఎక్కడ పడుతోందో చూసుకుంటూ వేసిన తీరు చూశాక నాకు ఇంకేమీ కనపడలేదు. మా నాన్న తాగొచ్చి గుమ్మంలో నిలబడే తీరు అది. నీకు తెలుసు. మూడో పాటలో ఆగిపోయాడు. మనవైపు తిరిగాడు, గడ్డం ఎత్తాడు. నీ కళ్ళద్దాలు వానకు మసకబారి నువ్వు తుడుచుకుంటున్నావు. అతను చూసింది నన్ను.

"తాగొచ్చాడు. తాగినోడికి మాటలందివ్వడానికా మనం ఇంతదూరం వచ్చింది?" అన్నాను. నువ్వు, "నీకేసే చూస్తున్నాడే, చెప్పవే" అన్నావు. నేను చేతులు కట్టుకున్నాను. అదొక్కటీ అయితే సరిపోయేది. వెనక్కి తిరిగి నిలబడ్డాను. అతని మొహానికి నా వీపు చూపించాను.

తర్వాత ఈలలు, గోల. ఎక్కడినుంచో బీరు మగ్గు వచ్చి స్పీకరుకి తగిలింది. "మన్నించండి, పాట ఇంటిదగ్గర మర్చిపోయొచ్చాను" అని అతను మైకులో అన్నది వీపుతోనే విన్నాను. జనం నవ్వారు. మంచి నవ్వు కాదు. మళ్ళీ తిరిగి చూసేసరికి స్టేజీ మీద అతను లేడు, పక్కన నువ్వూ లేవు. "నీలాంటిదాని పక్కన ఇన్నేళ్ళు నిలబడ్డానా" అని నువ్వన్న మాట మాత్రం ఉంది. నువ్వు లాహ్తి బస్సెక్కేశావని తర్వాత తెలిసింది.

అతను చనిపోయిన వారాంతంలో మన అభిమాన సంఘంవాళ్ళం సరస్సు ఒడ్డున చేరాం. గాజు సీసాల్లో కొవ్వొత్తులు, కారు డిక్కీ తెరిచి అతని పాటలు. రైమో పెద్దరికం నీకు తెలిసిందే, ఎవరి పువ్వులు ఎక్కడ పెట్టాలో కూడా అతనే చెప్పాలి. చాలాసేపు ఎవరూ గొంతు కలపలేదు. పెద్దపెద్ద మగాళ్ళు తోలు జాకెట్లలో తలలొంచుకుని, ముక్కులు చీదుకుంటూ ఉన్నారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవడం లేదు. కుయోపియోలో గోల చేసినవాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు.

అప్పుడు తపానీ వచ్చాడు. బస్సు డిపోలో మెకానిక్కు, ఎర్రగడ్డం. మగ్గు విసిరింది అతనే. కుయోపియో వీడియో ఫోన్లలో తిరుగుతోంది, అందులో అతని చెయ్యి, మొహం అన్నీ తెలుస్తాయి. రైమో ఎదురెళ్ళి, "ఎందుకొచ్చావు? నీ మగ్గు ఇక్కడ లేదే" అన్నాడు. "క్షమాపణ చెప్పుకుందామని" అన్నాడు తపానీ. "ఎవరికి చెప్తావ్? వినాల్సినోడు మంచుపెట్టెలో ఉన్నాడు." తపానీ అందరికీ దూరంగా గులకరాళ్ళ మీద తన కొవ్వొత్తి పెట్టి, ఒకసారి మొహం తుడుచుకుని వెళ్ళిపోయాడు. కాసేపటికి గాలికి అది ఆరిపోయింది. మా అందరి జేబుల్లోనూ లైటర్లున్నాయి. ఎవరూ లేవలేదు. నేనూ లేవలేదు. అతను విసిరిన మగ్గు ఇల్మోకి తగలనైనా లేదు.

అంత్యక్రియలు ఈ శుక్రవారం అయ్యాయి. ఇల్మో కూతురు తీనా రైమోకి ఫోన్ చేసి, అభిమానుల తరఫున పువ్వులు పెట్టడానికి ఇద్దరిని పంపమందట. కుడిపక్క నిలబడే ఆడవాళ్ళు వస్తే బాగుంటుందని ప్రత్యేకంగా చెప్పిందట. రైమో, నేను వెళ్ళాం. నిన్ను పిలవాల్సింది. పిలవలేదు.

చర్చిలో వంతులవారీగా శవపేటిక దగ్గరికి వెళ్ళి పువ్వులు పెట్టి, రిబ్బను మీద రాసింది పైకి చదివాం. అన్నదమ్ములు, వాద్యగాళ్ళు, ఊరివాళ్ళు, తర్వాత మేము. "నలభై అయిదేళ్ళ పాటలకు కృతజ్ఞతతో, నీ వెంట నడిచినవాళ్ళు." రైమో రాయించిన మాటలు. నేనే చదివాను. గొంతు తడబడలేదు. నడిచినవాళ్ళు అన్న మాట దగ్గర కూడా తడబడలేదు. నన్ను నేను అసహ్యించుకోవడానికి ఇది చాలదా చెప్పు.

తర్వాత చర్చి హాలులో సాల్మన్ సూప్, రై రొట్టె, కాఫీ. తీనా కప్పు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. కళ్ళు తండ్రివే. "నాన్నకి మీ పేర్లు తెలీవండీ. 'కుడిపక్క పిల్లలు' అనేవాడు. ఏ ఊరెళ్ళినా ముందు వాళ్ళొచ్చారేమో చూడు అని నన్ను పంపేవాడు. వచ్చారంటే ఇంక భయపడేవాడు కాదు" అంది. అరవై ఏళ్ళొచ్చిన మనల్ని పిల్లలన్నాడట.

కుయోపియో నుంచి కారులో తిరిగొస్తుంటే ఆ పిల్ల, "ఇవాళ వాళ్ళు రాలేదా నాన్నా?" అని అడిగిందట. "వచ్చార్లే. పాపం బాగా తడిసిపోయారు. వానలో నాకే సరిగ్గా కనపళ్ళేదు" అన్నాడట.

కనపడలేదా, కైసూ? నేను వెనక్కి తిరిగే ముందు మా ఇద్దరి కళ్ళూ కలిశాయి. నాకు మూడు మీటర్ల దూరంలో ఉన్నాడు. కూతురి దగ్గర కూడా నన్ను పట్టివ్వలేదు. మాటలన్నీ జారిపోతున్న మనిషి ఆ ఒక్క అబద్ధానికి మాత్రం మాటలు వెతుక్కున్నాడు.

నువ్వు నన్ను క్షమించాలని అడగడానికి ఇది రాయలేదు. అసలెందుకు రాశానో కింద రాసే ధైర్యం వస్తే రాస్తాను. మీ అమ్మగారికి నా నమస్కారాలు. నువ్వు చలికి జాగ్రత్త, నీ ఛాతీ సంగతి నీకు తెలుసు కదా.

ఇట్లు,
మెర్యా.

తా.క. సోమవారం ఉదయం. నిన్న కవరు అంటించేశాను, ఇప్పుడు చింపి ఇది రాస్తున్నాను. తీనా అన్నదాంట్లో ఒక ముక్క పైన రాయలేదు. రైమోకి ఫోన్ చేసిన తర్వాత ఆమె కూడా కుయోపియో వీడియో చూసిందట. అది వెనకనుంచి తీసింది. రెండు పసుపు కోట్లు, తలల మీద టోపీలు, అందులో ఒకటి చేతులు కట్టుకుని స్టేజీకి వీపు తిప్పింది. ఎవరన్నది తెలియదు. ఒడ్డున అందరూ నన్ను అడగకుండానే తేల్చేసుకున్నారు: ఆ రోజు మధ్యలో వెళ్ళిపోయిందీ, తర్వాత మొహం చూపించనిదీ నువ్వే కాబట్టి అది నువ్వేనని. రైమో తీనాకీ అదే చెప్పాడట. "మీ స్నేహితురాలికి అంత మనసెలా వచ్చిందండీ? ఇవాళ రాకపోవడమే మంచిదయింది" అని తీనా అంటే నేను కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. ఒక్క వాక్యం చెబితే అయిపోయేది. నిన్ను పిలవొద్దని రైమో అన్నప్పుడూ చెప్పలేదు. చర్చిలో చోటు లేక కాదు కైసూ, నువ్వు రాకపోయింది నా వల్ల.

ఇందాక తీనాకి ఫోన్ చేసి ఆ వీపు నాదని చెప్పాను. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "ఆవిడ నంబరివ్వండి. క్షమాపణ చెప్పుకోవాలి, నాన్న గురించి అడగాలి" అంది. ఇచ్చాను. ఇంకో మాట లేకుండా పెట్టేసింది. రైమోకి సాయంత్రం చెప్తాను. ఈ ఉత్తరం చేరేలోపే నీకు తెలియని నంబరు నుంచి ఫోన్ వచ్చి ఉంటుంది. ఎత్తి ఉండకపోతే, మళ్ళీ వచ్చినప్పుడు ఎత్తు. ఆ అమ్మాయి నీకు క్షమాపణ చెప్పాలనుకుంటోంది. నాన్న గురించి నీ నోట వినాలనుకుంటోంది.