పదును పోయిన ఉమ్మడి చేను

మస్తానన్నా,

నువ్వు పోయి ఏడాదైంది. ఊరంతా కూలి లేకుండా సేద్యం చేసే మన ఉమ్మడి చేనికి నీ తర్వాత నన్ను పెద్దమనిషిగా పెట్టారు. వద్దన్నా వినలేదు.

పోయిన వారం మన ఆళ్లగడ్డ పక్క మంచి వాన పడింది. జొన్న విత్తడానికి సరిపడా తడి నిలిచి నేలకు పదును కుదిరింది. నువ్వుంటే ఆ సాయంత్రమే ఇంటింటికీ పోయి, తిట్టి, నవ్వించి, ఎద్దులను ముందు ఉమ్మడి చేలోకే తోలించేవాడివి. నేనూ పోయాను. గడపల దగ్గర నిలబడ్డాను.

"ఏందప్పా, ఇట్లొచ్చినావ్?" అన్నాడు ఎదురింటి సుబ్బన్న.

"ఉమ్మడి చేను..." అన్నాను.

"నా చేను రేపటికైపోతాది. ఆడికి మిగతావాళ్లు పోతాండార్లే. నువ్వు పోయి పండుకో."

ప్రతి ఇంట్లోనూ అదే మాట. ఇంకొకరు పోయుంటారని అందరూ అనుకున్నారు. ఎవరూ పోలేదు. నేలలో తడి ఆరిపోయింది.

ఈ చేని జొన్నలతోనే భూమి లేని ఇళ్లు ఏడాది గడుపుకుంటాయని నీకు తెలుసు. ఈ పొద్దున ఆ ఇళ్లలోని నాగమ్మ విత్తనాలు ఒడిలో పోసుకుని చేనికి వచ్చింది.

"ఎద్దులు యాడన్నా?" అంది.

"వస్తాయి" అన్నాను.

నమ్మి గట్టు మీద కూర్చుంది. లేచి ఇంటికి పొమ్మని చెప్పడం నాకు చేతకాలేదన్నా.