సేనాపతికి నేర్పని మాట

3, సోమవారం. ఉదయం
పక్కింట్లో దొంగలు పడ్డారు. మా సేనాపతి గేటు దగ్గరే ఉండి, తోక ఊపి మరీ సాగనంపాడట! పరువు పోయింది. తీర్మానం: నెల తిరిగేసరికి వీణ్ణి అసలు సిసలు కాపలా కుక్కను చేస్తాను.

సాయంత్రం
ట్రైనర్‌ని కలిశాను. దొంగ వేషం వేసే మనిషిని వీళ్లు డెకాయ్ అంటారు. అతనికి ఒళ్లంతా మందపాటి సూటు, కుక్కకు పొడవాటి తాడు. "ముందు 'వదులు' నేర్పాలి సార్. 'పట్టు' ఆ తర్వాతే. చెయ్యి పట్టించే పద్ధతి, ఒళ్లంతా సూటు వేసే పద్ధతి, మూతికి చిక్కం కట్టే పద్ధతి... ఏదో ఒక్కదాని మీదే ఉండండి" అన్నాడు. అలాగే అన్నాను. ఎంత తేలిక!

5, బుధవారం
బంతి ఇవ్వడం, వదిలించడం, మళ్లీ ఇవ్వడం. విసుగు! కాపలా కుక్కకు కావాల్సింది పట్టడం కదా? 'వదులు' వచ్చే వారం.

8, శనివారం
ట్రైనర్‌తో పనేముంది? మన పెరడు చాలు. డెకాయ్: మా బావమరిది. రక్షణ కవచం: చేతికి చుట్టిన పాత బొంత. పట్టు! పట్టేశాడు!! ఏం పట్టు, ఏం పట్టు! వదల్లేదు. బావమరిది బొంతలోంచి చెయ్యి లాక్కుని బయటపడ్డాడు.
"బావా, వీడు వదలడేంటి?"
"అది వచ్చే వారం పాఠంరా."

11, మంగళవారం
వీడియోలో చూశాను. కాలు పట్టించే పద్ధతి ఇంకా దర్జాగా ఉంది. మార్చేశాను. బావమరిదికి రెండు చలికోట్లు, హెల్మెట్. సేనాపతి వాణ్ణి వాసన చూసి, దాటుకుని ఇంట్లోకి పరుగెత్తాడు. హాల్లో అత్తగారు బొంత కప్పుకుని టీవీ చూస్తున్నారు.

అదే రోజు, రాత్రి
ఆవిడకు గీత కూడా పడలేదు. బొంత రెండు ముక్కలు. నేను 'వదులు' అని గొంతు చించుకున్నకొద్దీ వాడు ఇంకా గట్టిగా విదిలించాడు. అసలు తప్పు అత్తగారిదే. బొంత కప్పుకునే వేళా అది? మా ఆవిడ మాత్రం, "ఆదివారం ఆ ట్రైనర్ దగ్గరికి నేనూ వస్తా. మీరు చెప్పగానే వదిలితే సరి. లేదంటే వీడు ఈ ఇంట్లో ఉండడు" అంది. వాడు లేని ఇల్లు నేను ఊహించలేను.

14, శుక్రవారం
వర్షం. సాధన లేదు. నిన్న మడమ నొప్పి. మొన్న బావమరిది ఫోన్ ఎత్తలేదు. నా తప్పేముంది?

16, ఆదివారం
మైదానం. సూటులో అసలు డెకాయ్. సేనాపతి పట్టాడు. "వదులు." ఊహూఁ. "వదులు! వదలరా! ఒరేయ్!" తోక ఊపుతూ ఇంకా బిగించాడు.
"మీరు అరుస్తుంటే, మీరూ తోడొచ్చారనుకుంటున్నాడు సార్. కాస్త ఊరుకోండి" అన్నాడు ట్రైనర్.
ఊరుకున్నాను. డెకాయ్ కదలకుండా నిలబడ్డాడు. కాసేపటికి సేనాపతి తనంతట తనే వదిలేసి కూర్చున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.
మా ఆవిడ తీర్పు: నెల రోజులు వాడు ట్రైనర్ దగ్గరే. వచ్చేస్తుంటే సేనాపతి నా ప్యాంటు అంచు పట్టుకున్నాడు. "ఇప్పుడు చెప్పండి సార్, మెల్లగా" అన్నాడు ట్రైనర్. 'వదులు' అనాల్సింది పోయి, వంగి వాడి తల నిమిరాను. ఏడుపొచ్చింది.

17, సోమవారం
కొత్త తీర్మానం! ఒకే మాట, ఒకే పద్ధతి. ఈసారి బావమరిది అక్కర్లేదు, సూటు నేనే వేసుకుంటాను. ట్రైనర్ ఒప్పుకున్నాడు. కదలకుండా, మాట్లాడకుండా నిలబడాలట. అంతే కదా! మా ఆవిడకు చెప్పాను.
"మీరా? మాట్లాడకుండానా? టికెట్టు పెట్టినా వచ్చి చూస్తా" అంది.